అమెరికా పెట్టెలో అమ్మ నవ్వు

మొన్న వర్షాకాలంలో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి సూర్యాపేటలో మా ఇంటి వరండాలో కూర్చుని గోరుచిక్కుడు కాయలు తుంచుకుంటుంటే, కోదాడ ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పే మా చెల్లెలి కూతురు చెప్పాపెట్టకుండా వచ్చి తన ఫోను నా ఒళ్ళో పెట్టింది. చర్చి వార్షికోత్సవానికి ఒక పుస్తకం వేస్తున్నారు, దానికి పాత ఫొటోలు వెతికిపెట్టే పని ఆ పిల్ల నెత్తిన పడింది. ఇక్కడ ఎవరింట్లోనూ ఏమీ దొరక్క ఇంటర్నెట్టులో వెతుక్కుంటూ పోతే, అమెరికాలో పాత కాగితాలు దాచిపెట్టే ఒక సంస్థవాళ్ళ పెట్టెల్లో మన సూర్యాపేట దొరికిందట. మా చిన్నతనంలో ఇక్కడి మిషన్ దవాఖానలో చేరి, చాలా ఏళ్ళు పనిచేసి వెళ్ళిపోయిన అమెరికా డాక్టరమ్మ కాగితాలూ ఫొటోలూ అన్నీ అక్కడ భద్రంగా ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు.

నా ఈడు వాళ్ళు నమ్మరు గానీ, ఆమె తన తల్లికి రాసిన ఉత్తరాలే కాదు, చాకలికి వేసిన బట్టల చీటీ, కేకు ఎలా చెయ్యాలో రాసుకున్న ముక్క, రైలు టిక్కెట్టు, ఆఖరికి బజారు నుంచి వంకాయలు తెమ్మని రాసిచ్చిన చీటీ కూడా దాచారు. ఆమె తమ్ముడి పిల్లలు తీసుకెళ్ళి ఇస్తే, అక్కడివాళ్ళు ఒక్కో కాగితాన్ని ఒక్కో కవరులో పెట్టి, చెదా చెమ్మా తగలకుండా చల్లటి గదిలో ఉంచారని మా పిల్ల చదివి చెబుతుంటే నేను కాయలు తుంచడం మానేశాను. మర్యాదగా చెప్పాలంటే అసూయ అనాలి. ఉన్నమాట చెప్పాలంటే కడుపు మండింది. వంకాయల చీటీకి పట్టిన అదృష్టం మా ఇంట్లో మనుషులకు పట్టలేదు.

ఆ తరువాత చూపించింది అసలు ఫొటో. దవాఖాన వెనక పెరడు, దండెం మీద ఆరేసిన కట్టుగుడ్డలు, అప్పట్లో గాయాలకు కట్టిన గుడ్డల్ని పారెయ్యకుండా ఉడకబెట్టి ఉతికి మళ్ళీ వాడేవాళ్ళు, వాటి మధ్య తెల్లచీర కట్టుకుని, తల వెనక్కి వాల్చి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న ఒక ఆడమనిషి. నేను వెంటనే పోల్చుకోలేదు. అటువంటి నవ్వు ఆ మొహం మీద నేనెన్నడూ చూసి ఎరగను. పిల్ల వేళ్ళతో ఫొటోను పెద్దది చేస్తే కుడి ముంజేతి మీద కాలిన మచ్చ కనబడింది. నేను పసిపిల్లగా ఉన్నప్పుడు నాకు స్నానం చేయించడానికి కాగు దించుతుంటే వేణ్ణీళ్ళు ఒలికి పడ్డ మచ్చ అది. మా అమ్మ. కింద ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి ఉన్నాయి: గుర్తు తెలియని స్త్రీ, ఫొటో తీసినది డాక్టరమ్మ. గుర్తు తెలియని అనే మాట మన పేపర్లలో హైవే పక్కన దొరికిన శవాలకు రాస్తారు.

మా నాన్న మేం చిన్నగా ఉండగానే పోయాడు. అమ్మ ఆ దవాఖానలో ఆయాగా చేరింది. డాక్టరమ్మ విరిచి విరిచి మాట్లాడే తెలుగు మా అమ్మకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు, అందుకని ఆమె ఊళ్ళ మీదికి వెళ్ళినప్పుడల్లా అమ్మను వెంట తీసుకుపోయేది. జీపు మఠంపల్లి వైపు పోయిన రోజున అమ్మ సున్నపురాళ్ళ తెల్లటి దుమ్ముతోనూ, మాడుగులపల్లి వైపు పోయిన రోజున పొలాల బురదతోనూ తిరిగొచ్చేది. ఆ జీపంటే మాకెంత పగో చెప్పలేను. డాక్టరమ్మ చెడ్డదేమీ కాదు, పండక్కి మాకు గౌన్లు కుట్టించేది, బిస్కెట్లు పంపేది. ఆ బిస్కెట్లు తింటూనే ఆమెను తిట్టుకునేవాళ్ళం. పగలంతా అమ్మ మాటలన్నీ ఆమెకే అయిపోయేవి, మాకు మిగిలేది నడుం వాల్చి, దీపం తగ్గించమని చేత్తో సైగ చేసే అమ్మ. ఒకసారి జ్వరమని చెబితే అమ్మ ఇంట్లో ఉండిపోతుందని ఆశపడి మూలుగుతూ పడుకున్నాను. అమ్మ నన్ను భుజాన వేసుకుని తిన్నగా ఆ డాక్టరమ్మ దగ్గరికే తీసుకుపోయింది.

డాక్టరమ్మ వాళ్ళ దేశం వెళ్ళిపోయాక అమ్మ ఎక్కువ కాలం బతకలేదు. నాకప్పుడు టీచరుద్యోగం కొత్త, చెల్లెలు ఇంకా చదువుకుంటోంది, మా పెళ్ళిళ్ళు కాలేదు. పోయినవాళ్ళ బైబిలును వాళ్ళ గుండెల మీద పెట్టి పెట్టెలో సాగనంపడం మాలో ఒక పద్ధతి, అందరూ పాటించరు గానీ మా ఇంటి పెద్దలకు అది పట్టింపు. మా పెద్ద మేనమామ అమ్మ బైబిలును కళ్ళకద్దుకుని, దాని గుడ్డ సంచీ విప్పకుండానే ఆమె చేతుల కింద పెట్టాడు. ఎంత గౌరవంగా చెయ్యాలో అంత గౌరవంగా చేశాం. అమ్మకు బీరువా లేదు, ట్రంకుపెట్టె లేదు, దాచుకోవలసినవన్నీ ఆ బైబిల్లోనే దాచుకునేదన్న సంగతి ఆ ఏడుపుల్లో ఎవరికీ తట్టలేదు. మొదటి పేజీలో అమ్మ తన చేత్తో రాసుకున్న మా పుట్టినరోజులు, నాన్న రాసిన పోస్టుకార్డు, ఆయనతో కలిసి స్టూడియోలో దిగిన ఒకే ఒక్క ఫొటో, అన్నీ దానితోపాటే వెళ్ళిపోయాయి.

జ్ఞాపకార్థ కూడికలో అమ్మ ఫొటో పెద్దది చేయించి పెడదామని కబురు చేస్తే, స్టూడియో అతను వచ్చి పాత ఫొటో ఇమ్మన్నాడు. ఉన్న ఒక్క ఫొటో ఎక్కడుందో నాకూ చెల్లికీ అప్పుడు గుర్తొచ్చింది. మేనమామ కండువా నోటికి అడ్డం పెట్టుకుని మంచం మీద కూలబడ్డాడు. సమాధుల తోట ఇంటికి దగ్గరే, మట్టి ఇంకా పచ్చిగానే ఉంది, కానీ తవ్వి తీద్దామన్న మాట ఎవరి నోటా రాలేదు, రాకూడదు కూడా. ఆ కూడికలో అమ్మ ఫొటో ఉండవలసిన చోట పూలదండ వేసిన కుర్చీ పెట్టాం. అప్పటి నుంచి అమ్మ మొహం మా ఇద్దరి మనసుల్లోనే ఉంది. అదీ ఏటికేడాది మసకబారి, చివరికి నేను చెప్పే అమ్మకూ చెల్లెలు చెప్పే అమ్మకూ పోలిక లేకుండా పోయింది.

అందుకని ఆ ఆదివారం నేను ఫోను వెంటనే తిరిగి ఇవ్వలేదు. ఆ సంస్థవాళ్ళకు మా పిల్ల చేత రాయించాను, ఈమె గుర్తు తెలియని మనిషి కాదని, ఈమెకు పేరుందని, ఆ పేరు ఇదని. తను పంపబోతుంటే ఆపి, పేరు పక్కన ఫలానా టీచరమ్మ తల్లి అని నా పేరు కూడా పెట్టమన్నాను. అవసరమా పెద్దమ్మా అన్నట్టు చూసింది. అవసరమే. ఆ పెట్టెల నిండా డాక్టరమ్మే ఉంది, అందులో మా అమ్మ ఆమె సామాన్లలో ఒకటిగా పడి ఉండటం నాకు ఇష్టం లేదు. అక్కడివాళ్ళు మంచివాళ్ళు, తొందరగానే జవాబిచ్చి, నేను చెప్పినట్టే మార్చి, ఫొటో పెద్ద కాపీ కూడా పంపారు. ఎవరిమీదో గెలిచినట్టనిపించి ఆ రోజు సేమ్యా పాయసం చేసుకున్నాను.

మిర్యాలగూడలో ఉండే మా చెల్లెలికి తన కూతురు ఆ ఫొటో చూపించిందో లేదో, నా ఫోను మోగింది.

"అక్కా, అమ్మ నీ ఒక్కదానికే అమ్మనా? గాడ నా పేరెందుకు లేదు?"

మనవలను ఎత్తుకున్న మనిషి, చిన్నపిల్లలా పోట్లాటకు దిగింది. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. మళ్ళీ రాయించాను, ఇప్పుడక్కడ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆ సంగతి చెబుదామని ఫోను చేస్తే మెత్తబడి, అమ్మ చేసే చింతచిగురు పప్పు దగ్గర నుంచి అమ్మ జడ దాకా ఏవేవో మాట్లాడి, ఆఖరున ఒక మాట అడిగింది.

"అమ్మ గట్ల ఎవల్ని సూసి నవ్వుతున్నదక్కా?"

తెలియదన్నాను. ఎదురుగా కెమెరా పట్టుకుని నిలబడ్డది ఎవరో ఫొటో కిందే రాసి ఉంది, చెల్లెలికి కూడా చదువొచ్చు.

ఇప్పుడు మా ఇళ్ళల్లో పిల్లలు తింటున్నా ఫొటోలే, నిద్రపోతున్నా ఫొటోలే, ఫోనులో చోటు లేదని ఎప్పటికప్పుడు తుడిచేస్తుంటారు. నా బైబిలును నాతోపాటు పెట్టేముందు ఒకసారి దులిపి చూడమని మా వాళ్ళకు చెప్పి ఉంచాను, కానీ దులిపితే రాలడానికి అందులో ఏముంది, ఎండిన గులాబీ రేకు కూడా లేదు. అమ్మ ఫొటోకు ఫ్రేము కట్టించి ముందుగదిలో పెట్టుకున్నాను. వచ్చినవాళ్ళకు ముంజేతి మీది మచ్చ చూపించి, అది నాకు స్నానం చేయించబోతే పడ్డదని చెబుతాను. అంత హాయిగా దేనికి నవ్వుతున్నారండీ మీ అమ్మగారు అని ఎవరైనా అడిగితే మాత్రం, టీ పెట్టుకొస్తానని లోపలికి వెళ్ళిపోతాను.