రబ్బరు గొట్టంలో విన్నది

చనిపోయిన మా అన్న మీద ఒట్టు పెట్టి చెబుతున్నాను. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. నమ్మితే నమ్మండి... లేకపోతే లేదు. ఆ పూట నేను తాగి లేను. జ్వరంతో లేను. కడుపునిండా సంగటి తిని, పూర్తి తెలివిలో ఉన్నాను.

పెనుకొండలో బెంగుళూరు రోడ్డు మీద అప్పట్లో నాకొక రేకుల రిపేరు షెడ్డు ఉండేది. లారీలు, బస్సులు, ఎప్పుడో ఒక కారు. అరవైల మొదట్లో మా వైపు కార్లు ఎన్నని... చప్పుడు వింటే చాలు, ఎవరి బండో చెప్పేవాణ్ణి.

మా అన్న ఓబులేసు ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. సొంత మగ్గం కాదు. ఒక షావుకారు దగ్గర కూలికి. అన్నకు ఉబ్బసం. ఆయాసం వస్తే ఊపిరి సన్నటి ఈలతో లోపలికి పోయేది. కాసేపు ఆగేది... తర్వాత తెగినట్టు రెండు ముక్కలుగా బయటికి వచ్చేది. చిన్నప్పుడు ఇద్దరం ఒకే చాప మీద పడుకున్నవాళ్ళం. ఎంత నిద్రలో ఉన్నా ఆ చప్పుడు పోల్చుకోగలను.

ఆ చలికాలం ఒక రాత్రి ఆయాసం ముదిరింది. అనంతపురం పెద్దాసుపత్రికి కారు పంపమని అడగడానికి వదిన ఆయన్ని పట్టుకుని నడిపించుకుంటూ షావుకారు ఇంటికి పోయింది. అన్న అరుగు మీద కూలబడ్డాడు. తలుపు తెరవలేదు. వంటమనిషి కిటికీలోంచి చెప్పిందట.

"బండి చెడిపోయుండాదమ్మా. ఇంజిను నిలవడంల్యా అంట."

వదిన జట్కా కట్టించుకుంది. రైలు స్టేషను చేరేలోపలే అన్న పోయాడు.

ఇంజిను నిలవడం లేదంట. ఆ కారును ఆ వారమే నా చేతులతో బాగుచేసి పంపాను. బానెట్ మీద గ్లాసుడు నీళ్ళు పెడితే తొణకనంత నిదానంగా ఆడుతూ పోయింది. నేను ఓబులేసు తమ్ముణ్ణని షావుకారుకు తెలియదు. కూలివాడికి తమ్ముడుంటే ఆయనకేం పని...

ఎండలు ముదిరాక, ఒక రోజు చీకటి పడుతుండగా వచ్చింది ఆ కారు. దూరం నుంచే గుర్తుపట్టాను. యాక్సిలరేటర్ తొక్కిపెడితే బాగానే ఉంది. కాలు తీస్తే నాలుగుసార్లు కొట్టుకుని ఆగిపోతోంది. డ్రైవరు మస్తాను దిగాడు. వెనక సీట్లో షావుకారు.

"రామాంజీ, స్లోలో నిలవడంల్యా బండి. బెంగుళూరులో గూడ చూపిస్తిమి. యాడ తప్పుండాదో వాళ్ళకు దొరకలే," అన్నాడు మస్తాను.

మాట నోటిదాకా వచ్చింది... మింగాను. షెడ్డు ముందుకు వచ్చిన బండిని పొమ్మనడం నాకు చేతకాలేదు. మస్తాను టీ తాగొస్తానని బస్టాండు వైపు పోయాడు. షావుకారు స్టూలు మీద కూర్చున్నాడు. పెట్రోలుకు దూరంగా లాంతరును గోడ మేకుకు తగిలించి బానెట్ ఎత్తాను.

గాలిని తగ్గించే ఛోక్ కొంచెం లాగి స్టార్ట్ చేశాను. నిలబడింది. ఛోక్ లోపలికి నెట్టాను. ఆగిపోయింది. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అవుతోందన్నమాట. ఆ రెండూ కలిసే కార్బొరేటర్ విప్పి సన్న రంధ్రాలన్నీ ఊదాను. శుభ్రంగానే ఉన్నాయి. మళ్ళీ బిగించి, పెట్రోలు పాళ్ళు మార్చే మిక్చర్ స్క్రూ తిప్పాను. ఎటు తిప్పినా మార్పు లేదు. ఇక ఒకటే. ఎక్కడో సందు ఉండాలి. దొంగగాలి అక్కడినుంచి దూరుతూ ఉండాలి.

దానికి మా పద్ధతి ఒకటుంది. మూరెడు రబ్బరు గొట్టం. ఒక కొన చెవిలో పెట్టుకుని రెండో కొనను అతుకుల చుట్టూ తిప్పాలి. గాలి లాగేచోట ఉస్... మని వినిపిస్తుంది. అక్కడ నూనె చుక్క వేస్తే లోపలికి పీల్చుకుంటుంది. చప్పుడు మారుతుంది.

ఆగిపోకుండా ఇంజిను వేగం కాస్త పెంచి, గొట్టం చెవిలో పెట్టుకున్నాను. కార్బొరేటర్ కింది అతుకు దగ్గర... ఉస్... దొరికిందనుకున్నాను. నూనె వేశాను. నూనె అక్కడే నిలిచింది. లోపలికి పోలేదు. ఉస్... మాత్రం అలాగే ఉంది. ఇంకో పక్క పెట్టాను. అక్కడా అంతే. ఎక్కడ పెట్టినా అంతే.

అప్పుడు సరిగ్గా విన్నాను.

సందులోంచి పోయే గాలి తెరిపి లేకుండా పోతుంది. ఇది అలా లేదు. లాగుతోంది... ఆగుతోంది... తెగినట్టు రెండు ముక్కలుగా వదులుతోంది. మళ్ళీ లాగుతోంది. సన్నటి ఈలతో.

ఇంజిను ఆపేశాను. ఆపితే గాలిని లాగేదేమీ ఉండదు... ఉండకూడదు. ఫ్యాన్ రెక్కలు తిరిగి తిరిగి నిలిచాయి. రోడ్డు మీద ఒక్క బండి లేదు. గొట్టం ఇంకా నా చెవిలోనే ఉంది.

వినిపిస్తోంది.

గొట్టం పీకేశాను. పీకేసినా వినిపిస్తోంది. బానెట్ కింద... ఆ చీకట్లో... ఎవరో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగి ఊపిరి లాగుతున్నట్టు.

వెనక స్టూలు కిర్రుమంది. షావుకారు లేచి నిలబడ్డాడు.

"అదేం చప్పుడప్పా?"

"మీకూ ఇనపడతాండాదా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఇట్లే లాగుతాండె. మా దగ్గర నేసేటోడు ఒకడు... అరుగు మీద కూర్చోని. తలుపుకు ఇవతల నేను నిలబడుకోనుంటి. వాడు లేసిపోయినాక గూడ తెల్లార్లూ ఇనపడతానే ఉండె."

"ఓబులేసు," అన్నాను.

"నీకెట్ల తెలుసు?"

"మాయన్న."

లాంతరు వెలుగులో ఆయన మొహం నాకు సగమే కనిపిస్తోంది. చప్పుడు ఆగలేదు. లాగుతోంది... వదులుతోంది...

"బండి చెడిపోయిందని చెప్పిస్తిరి గదా," అన్నాను. "ఆ వారం నేనే బాగుచేసి పంపిస్తిని, సావుకారూ."

తప్పయిపోయిందని అంటాడేమో అనుకున్నాను. అదొక్క మాట అని ఉంటే... ఏమో, నేను ఏడ్చి ఊరుకునేవాణ్ణేమో. ఆయన భుజం మీది కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"అంత రాత్రిలో వచ్చినోళ్ళందరికీ బండి ఇస్తా పోతే ఎట్లప్పా? ఈ పొద్దు ఒకడు, రేపు ఇంకొకడు. దేనికైనా ఒక లెక్కుండాల. తొందరగా చూసి పంపీ, నేను పోవాల."

ఆయన ఆ మాట అంటుండగా... బానెట్ కింద ఊపిరి లోపలికి పోయింది. పొడుగ్గా. ఎప్పటికన్నా పొడుగ్గా.

బయటికి రాలేదు.

నేను ఎదురుచూశాను. షావుకారు కూడా ఎదురుచూశాడు. ఇద్దరం అలా బండి వైపు చూస్తూ నిలబడ్డాం... రాలేదు.

మస్తాను వచ్చి స్టార్ట్ చేశాడు. పెంచిన వేగం మళ్ళీ తగ్గించాను. ఇంజిను నిలిచింది. మెత్తగా, ఏ తప్పూ లేనట్టు ఆడింది. "ఏం చేసినావబ్బా, బెంగుళూరోళ్ళకే చేతగాలేదు," అన్నాడు వాడు. ఏమీ చేయలేదన్నాను. కారు ధర్మవరం వైపు పోయింది.

వేడికి అతుకు దానంతటదే బిగిసిందేమో. రేడియేటర్లో ఆవిరి తప్పించుకుందేమో. ఆవిరి ఈల వేస్తుంది, నాకూ తెలుసు. కానీ ఇలా ఆగి ఆగి, రెండు ముక్కలుగా... అదీ ఇద్దరికీ వినిపించేలా... నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.

షావుకారుకు ఏమీ కాలేదు. అలాంటివాళ్ళకు ఏదో అవుతుందని కథల్లో చెబుతారు. ఆయనకు కాలేదు. ఆ బండి అమ్మేసి కొత్తది కొన్నాడు. మనవళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు.

చాన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదు. కడుపులో దాచుకోలేక ఒకసారి ధర్మవరం పోయినప్పుడు వదినకు చెప్పాను, బయటికి రాని ఆ ఆఖరి ఊపిరి సంగతి తప్ప. ఆమె మగ్గానికి పట్టుదారం ఆసు పోస్తూ వింది. భయపడలేదు. ఏడవలేదు. చెయ్యి మాత్రం ఆగింది.

"రామాంజీ," అంది. "ఊపిరి బాగా ఆడతాండెనా?"

"ఆడతాండె వదినా," అన్నాను.