పెంకు మీద ఎర్రగీత

చెంచమ్మకు తెలిసింది చెప్పకపోతే కడుపుబ్బుతుంది. తిరుత్తణి పొలిమేరలో మాంగనీసు రాయి ఏరే షెడ్డులో అందరికీ తెలిసిన జబ్బే అది. ఆంధ్రా నుంచి లారీల్లో వచ్చే నాసిరకం రాయిని ఒక్కొక్కటే పగిలిన పెంకు మీద గీయడం ఆమె పని. నల్లగీత పడితే మాంగనీసు, ఒక గంపలోకి. ఎర్రగీత పడితే ఇనుము, ఇంకో గంపలోకి. ఆర్.కె.పేట వైపు నుంచి వచ్చే, ఆమెతో కలిపి ఆరుగురు ఆడవాళ్లకూ అదే బతుకు.

ఆ బతుకును ఉద్ధరించడానికి ఇంజినీరు జయకుమార్ సారు దిగాడు. కొలిమి, అయస్కాంతం డ్రమ్ము తెచ్చాడు. రాయిని బొగ్గుపొడితో కలిపి కాలిస్తే ఇనుమంతా అయస్కాంతానికి అంటుకుంటుందనీ, మాంగనీసు మిగులుతుందనీ, ఇక ఏరేవాళ్లతో పనుండదనీ ఆ ఏరేవాళ్లకే ఓపిగ్గా వివరించాడు. ఎంత మర్యాదస్తుడో!

నెల రోజులు కాల్చాడు. ఒక్క రోజూ అయస్కాంతం దేన్నీ ముట్టుకోలేదు. శుక్రవారంలోగా పని చేయకపోతే మెషిన్ను వెనక్కి పంపేస్తానని షెడ్డు ఓనరు, ముదలాళి, తేల్చేశాడు. మెషిన్ పోతే గుండు కొట్టించుకుంటానని ఏరేవాళ్లలో ఒకతె తంగమ్మ కొండ మీది మురుగనికి మొక్కేసింది.

గురువారం కూడా సారుకు ఆత్రం ఆగలేదు. కొలిమి సెగలు కక్కుతుండగానే తలుపు తీయించి, రాళ్లు చూసి తల పట్టుకున్నాడు. చెంచమ్మ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ ఆమె పుట్టింటివాళ్లు సీమతుమ్మ బొగ్గు కాల్చేవాళ్లు. కళ్లెదుట కాల్పు చెడిపోతుంటే తట్టుకోలేకపోయింది. తంగమ్మ తొడ మీద గిల్లినా ఆగలేదు. చల్లారిన ముక్కొకటి తీసి పెంకు మీద గీసింది.

"చూడు సార్, ఎర్రగానే పడతా ఉండాది, రాయి మళ్లీ మొదటికే వచ్చింది. వేడి మీద గాలి తగిలితే మా బొగ్గు బూడిదైపోతాది. నీ రాయీ అంతే. మూసిపెట్టి ఆరనియ్యి."

శుక్రవారం మూసిపెట్టి ఆరనిచ్చారు. ఇనుము డ్రమ్ముకు చీమల్లా పట్టుకుంది. ముదలాళి ఫోటోలు తీయించుకున్నాడు. తన మాట నెగ్గిందని చెంచమ్మ కూడా పళ్లికిలించింది.

సోమవారం ఐదుగురిని పనిలోంచి నిలిపేశారు. కాల్పు సరిగా వచ్చిందో లేదో గీసి చూడటానికి ఒక మనిషి కావాలట, చెంచమ్మను ఉంచారు. ఆహా, ఏం గౌరవం!

మంగళవారం పొద్దున షేర్ ఆటో ఆగింది. ఇటుకబట్టీలో కూలికి పోతూ ఐదుగురూ లోపలే ఉన్నారు. చెంచమ్మ జరగమంటే ఎవరూ కదల్లేదు.

"అయిదుగురి నోట్లో మన్ను కొట్టినావు కదా చెంచీ," అంది తంగమ్మ. "నువ్వు నడిచి పో."

ఆటో వెళ్లిపోయింది. చెంచమ్మ ఏడుస్తూనే గబగబా నడిచింది. ఆలస్యమైతే సారు ఊరుకోడు.