తెంపులక్క, ఒకటే ప్లగ్గు

తెంపులక్కకు జీతమిచ్చింది తెంపడానికే. తెగిన నరాలకు అతుకు వేసే సన్నటి గొట్టాలను ఒక ప్రయోగశాలలో తయారుచేసేవారు. వాటిని గోరువెచ్చని ఉప్పునీళ్ల తొట్టిలో నానబెట్టి, కొసలు రెండూ యంత్రానికి బిగించి, తెగేదాకా లాగడం ఆమె ఉద్యోగం. ఆ పదార్థం మహా తెలివైనదట. ఒంటి వేడి తగలగానే తనంతట తానే మెత్తబడి నరాన్ని కరుచుకుంటుందట.

"అంత తెలివే ఉంటే నా చేతికెందుకు చిక్కుతుంది?" అనేది తెంపులక్క.

"కాస్త నెమ్మదిగా లాగండమ్మా," అని పెద్దసారు బతిమాలితే, "రేపు రోగి బస్సులో కమ్మీ పట్టుకుంటే, ఆ బస్సు నెమ్మదిగా లాగుతుందా సార్?" అని అడిగేది.

ఆమె తమ్ముడికి అద్దం పెంకు గుచ్చుకుని మణికట్టు దగ్గర నరం తెగింది. వేళ్లు మొద్దుబారాయి. చొక్కా బొత్తాలు రోజూ అక్కే పెట్టాలి.

"మీసాలు నెరిసినా బొత్తాలు పెట్టించుకునే మహారాజువి నువ్వొక్కడివేరా!"

"మీ గొట్టం నెగ్గనీ అక్కా, నీకీ పీడ వదులుతుంది."

గొట్టం నెగ్గితే మొదట అతుకు వేసే రోగుల్లో అతడూ ఒకడు.

ఒకరోజు గొట్టాలు తెగలేదు. ఎంత లాగినా తెగలేదు. పెద్దసారు గంతులు వేయడమొక్కటే తక్కువ. తెంపులక్క తమ్ముడికి ఫోన్ చేసి, "ఇక నీ బొత్తాలు నువ్వే పెట్టుకుని ఏడుద్దువుగాని," అంది.

సాయంత్రం టీ పెట్టుకుందామని కెటిల్ దగ్గరకు వెళ్లింది. ఆ గదికంతటికీ ఉన్నది ఒకటే ప్లగ్గు. టీ కావాలంటే తొట్టి హీటరు పీకాలి, అయ్యాక మళ్లీ పెట్టాలి. అది మరిచిపోయి ఆమె చేత చీవాట్లు తినని మనిషి అక్కడ లేడు. ఇప్పుడు ప్లగ్గులో కెటిలే ఉంది. పొద్దున టీ తాగిన మహాతల్లి ఆమే.

తొట్టిలో వేలు పెట్టింది. చన్నీళ్లు. వేడికి మెత్తబడే గొట్టం చన్నీళ్లలో ఎందుకు తెగుతుంది?

గదిలో ఎవరూ లేరు. హీటరు పెట్టి, నీళ్లు గోరువెచ్చనయ్యేదాకా నిలబడి, మళ్లీ లాగింది. తడికాగితంలా తెగింది.

"సార్, నేను వేడి టీ తాగి, మీ గొట్టాలకు చన్నీళ్లు పోశాను," అని పెద్దసారుకు చెప్పేసింది.

ఇంట్లో తమ్ముడు మండిపడ్డాడు. "ఒక్కసారి నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేదే అక్కా?"

"లోపల తెగితే మళ్లీ నీ చెయ్యే కోస్తారురా. అప్పుడూ నన్నే తిడతావు. ఆ తిట్లేవో ఇప్పుడే తిట్టు."

అతడు తిట్టాడు. మర్నాడు పొద్దున వచ్చి, బొత్తాలు పెట్టని చొక్కాతో ఎదురుగా నిలబడ్డాడు. ఆమె పెట్టింది, నోటికి మాత్రం బొత్తం పెట్టుకోలేదు.

ఆమె చనిపోయేనాటికీ ఏ గొట్టమూ నెగ్గలేదు. పోయాక మాత్రం గోడకు రెండో ప్లగ్గు వెలిసింది. ఆమె ఎన్నాళ్లు అడిగినా దొరకని ప్లగ్గు!

తమ్ముడిప్పుడు తలమీంచి తొడుక్కునే చొక్కాలే వేస్తున్నాడు. "బొత్తాలు నేను పెడతాను మామయ్యా," అని ఆమె కూతురు ముందుకొస్తే, తల అడ్డంగా ఊపుతాడు.

"నీకు తిట్టడం రాదమ్మా," అంటాడు.