చెప్పు తెస్తే రొట్టె

నా చిన్నప్పుడు నాచారంలో మా ఇంటికి వచ్చిన చుట్టాలెవరూ తిరిగి వెళ్లేటప్పుడు రెండు కాళ్లకూ చెప్పులతో వెళ్తారన్న నమ్మకం ఉండేది కాదు. గడప బయట చెప్పులు విడవడమే ఆలస్యం, మా టైగర్ ఒకదాన్ని నోట కరుచుకుని వాకిట్లో పరుగు అందుకునేది. రెండూ ఎత్తుకుపోయినా కొంత నయం. ఎప్పుడూ ఒకటే తీసుకెళ్లేది. దిక్కులు చూస్తూ మిగిలిపోయిన ఆ రెండో చెప్పును చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

మాది జనగామ వైపు పల్లె. ఫ్యాక్టరీలో పని దొరికాక బాపు మమ్మల్ని నాచారం తీసుకొచ్చాడు. ఒకే వాకిలి చుట్టూ నాలుగు రేకుల గదులు, నాలుగు కుటుంబాలు. మా గదిలో బాపు, అమ్మ, నాయనమ్మ, ఇద్దరు అన్నలు, నేను. టైగర్‌ను ఎవరూ తేలేదు. ఒక వానాకాలం వాకిట్లోకి వచ్చి నిలబడింది, మళ్లీ పోలేదు. పేరు మా పెద్దన్న పెట్టాడు. బల్లిని చూసి మంచం కిందికి దూరే కుక్కకు ఆ పేరెందుకని అడిగితే, ముందు ముందు ధైర్యం వస్తుందనేవాడు. రాలేదు.

అది చెప్పు పట్టుకుందంటే మా ఇల్లంతా వాకిట్లోనే ఉండేది. అమ్మ శాపనార్థాలు పెడుతూ వెంటపడేది. అన్నలిద్దరూ చెరోవైపు నుంచి ముట్టడించేవారు. నాయనమ్మ గడపలో నిలబడి కర్ర ఊపేది. నేను అందరికంటే గట్టిగా అరిచేదాన్ని. అరవడం నాకు కొట్టిన పిండి. అంతమంది ఉన్న గదిలో అరవకపోతే అన్నం కూడా చివర్న వచ్చేది. అందరం అలసిపోయాక నాయనమ్మ లోపలికి వెళ్లి జొన్నరొట్టె ముక్క తెచ్చేది. టైగర్ వెంటనే చెప్పు వదిలేసి, రొట్టె తిని, తోక ఊపుతూ మా అందరి కాళ్లూ నాకేది. ఎంత తెలివిగా చెప్పు విడిపించుకున్నామో అని మేము మురిసిపోయేవాళ్లం. రోజూ ఇదే తంతు.

ఇంతలో అది ఎదురు గది మామ బూటు మీద పడింది. ఆయన ఇంజనీరింగ్ ఫ్యాక్టరీలో చేసేవాడు. ఆ బూట్లు లేకుండా గేటు దాటనివ్వరు. పొద్దున్నే ఆయన లేచి చూసేసరికి ఒక బూటు ముందుభాగం చీలికలై ఉంది. చెప్పులతోనే వెళ్లాడు, గేటు దగ్గర ఆపి వెనక్కి పంపేశారు. తిరిగి వచ్చి వాకిట్లో కూర్చున్నాడు కానీ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. అమ్మ రెండు రోజులు ఆయన భార్య ముఖం చూడలేకపోయింది.

సాయంత్రం బాపు వచ్చి అంతా విన్నాడు. కేకలేస్తాడనుకున్నాం. మంచం మీద కూర్చుని మెల్లగా అన్నాడు.

"ఐతారం దాక సూస్త. ఇంకొక్క చెప్పు పోయిందంటే దీన్ని సంచిలేసుకపోయి చర్లపల్లి అవతల ఇడిసిపెట్టొస్త."

బాపు ఊరికే బెదిరించే మనిషి కాదు. బడి నుంచి వచ్చేసరికి సందు చివరిదాకా నాకు ఎదురొచ్చేది ఆ వెధవ కుక్క ఒక్కటే. నేను ఏడ్చాను. కానీ అప్పటికే అమ్మ అన్నలను, అన్నలు నాయనమ్మను, నాయనమ్మ కుక్కను తప్పుపడుతూ అరుచుకుంటున్నారు. నా ఏడుపు ఎవరికి వినపడుతుంది?

పక్కింటి అక్క దగ్గరికి వెళ్లి ఏడ్చాను. ఆమె బాలవాడిలో చిన్నపిల్లలను చూసుకునేది. ముప్పై మంది ఒకేసారి గుక్కపట్టినా గొంతు పెంచేది కాదట. మర్నాడు సాయంత్రం బియ్యం చాట ఒళ్లో పెట్టుకుని మా గడప పక్కన కూర్చుంది. టైగర్ అమ్మ చెప్పు ఎత్తుకెళ్లడం, మా పరుగులు, అరుపులు, చివరికి రొట్టె, అన్నీ తీరిగ్గా చూసింది. చూసి అమ్మతో అంది.

"వదినా, కుక్కకు తెల్వి లేక కాదు. చెప్పు దెస్తే రొట్టె పెడ్తమని మీరే నేర్పిన్రు. అది మంచిగ నేర్సుకుంది."

అమ్మ ముఖం మాడిపోయింది. అక్క చెప్పిన ఉపాయం మాత్రం చాలా చిన్నది. చెప్పు తీసుకుంటే ఎవరూ పరుగెత్తకూడదు, అరవకూడదు, అసలు దానివైపే చూడకూడదు. అది చెప్పుల జోలికి పోకుండా గోనెపట్టా మీద పడుకుని ఉన్నప్పుడు మాత్రం వెళ్లి రొట్టె పెట్టాలి. మంచి చెప్పులన్నీ రేకుల పైన పెట్టించి, తన పాత చెప్పుల జత ఒకటి గడప దగ్గర వదిలి వెళ్లింది.

కుక్కకు నేర్పడం ఏముంది, మా ఇంట్లో మనుషులకు నేర్పడానికే ప్రాణం మీదికి వచ్చింది. చూడకండి అంటే అన్నలిద్దరూ దుప్పటి కప్పుకుని దాంట్లోంచి కిసుక్కున నవ్వేవారు. నోరులేని జీవిని మాడుస్తున్నామని నాయనమ్మ కొంగుచాటున రొట్టె తీసుకెళ్లేది, అదీ సరిగ్గా దాని నోట్లో చెప్పు ఉన్నప్పుడే. ఇక టైగర్ సంగతి చెప్పక్కర్లేదు. మేము వెంటపడకపోయేసరికి దానికి అవమానం అయినట్టుంది. చెప్పు తెచ్చి మా ముందే విదిలించేది, పైకి ఎగరేసేది, మా ముఖాల్లో ముఖం పెట్టి మొరిగేది. ముందుకంటే ఎక్కువైందని నేను అక్కతో గొడవపడ్డాను. పిల్లలు కూడా అంతే చేస్తారనీ, ఏడుపు పెరిగిందంటే ఆగే వేళ దగ్గరపడినట్టేననీ ఆమె అంది. శుక్రవారం నేనే ఓర్చుకోలేక లేచి అరిచి, వెంటపడి, మూడు రోజుల కష్టాన్ని బూడిదలో పోశాను. అక్క మళ్లీ మొదటి నుంచి అని మాత్రం అంది.

ఇప్పుడు ఉప్పల్‌లో మా అబ్బాయి ఫ్లాట్‌లో ఒక లాబ్రడార్ ఉంది. ఏసీ రిమోట్ నోట్లో పెట్టుకుని సోఫా ఎక్కుతుంది. మా వాడు బిస్కెట్ చూపించి రిమోట్ తీసుకుంటాడు. పది నిమిషాలకు మళ్లీ రిమోట్, మళ్లీ బిస్కెట్. ఇంటికొచ్చి నేర్పే ట్రైనర్ కూడా ఉన్నాడు. అప్పట్లో మా పక్కింటి అక్క చెప్పిన మాటే అతనూ చెబుతాడు, వీళ్లు తలూపుతారు, అతను లిఫ్ట్ ఎక్కగానే బిస్కెట్ డబ్బా తెరుస్తారు. వీళ్లకు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి ఊరుకున్నాను.

నాచారంలో బాపు గడువు పెట్టిన ఆదివారం రానే వచ్చింది. మధ్యాహ్నం బాపు వాళ్ల సూపర్‌వైజర్ చెప్పా పెట్టకుండా కూతురి పెళ్లికి పిలవడానికి వచ్చాడు. తళతళలాడే నల్ల బూట్లు. వాటిని లోపల పెట్టుకోండి అందామంటే మా గదిలో గడపకు ఎదురుగానే దేవుడి పటాలు, నాయనమ్మ ఊరుకోదు. రేకుల మీద పెట్టండని పెద్దమనిషితో ఎలా అంటాం? బూట్లు గడప బయటే ఉండిపోయాయి. ఆయన కూర్చుని కార్డు తీసేలోపే టైగర్ ఒక బూటు అందుకుంది.

బాపు సగం లేచాడు. ఆయన కళ్లు మూలనున్న సంచి మీదికి పోయాయి. అరుపు నా గొంతుదాకా వచ్చింది. ఎలా మింగానో నాకే తెలియదు.

"బాపూ, కూసో" అన్నాను, ఆయనకొక్కడికే వినపడేలా.

అప్పటిదాకా బాపుకు ఇది చెయ్యమని నేనెప్పుడూ చెప్పలేదు. ఆయన నావైపు చూశాడు. చూసి కూర్చున్నాడు. కూర్చుని, వాకిట్లో ఏమీ జరగనట్టు, "పెండ్లి ఏడ జేస్తున్రు సార్" అని అడిగాడు. మేడిపల్లిలో అన్నాడాయన, తన బూటు చక్కర్లు కొట్టడం చూస్తూ. మేమంతా ఆ కార్డును అపురూపంగా చూస్తూ ఉండిపోయాం. నాయనమ్మ చెయ్యి రొట్టెల గంప వైపు కదిలితే అమ్మ పట్టుకుంది. టైగర్ గడప దాకా వచ్చి, బూటు మా ముందు పెట్టి, ఒక్కొక్కరి ముఖం చూసింది. ఎవరూ చూడలేదు. చివరికి దానికే విసుగొచ్చింది. బూటు అక్కడే వదిలేసి వెళ్లి గోనెపట్టా మీద పడుకుంది. అప్పుడు లేచి, నెమ్మదిగా నడిచి, రొట్టె తీసుకెళ్లి దాని ముందు పెట్టాను.

సూపర్‌వైజర్ తడి బూటు తొడుక్కుంటూ బాపు భుజం తట్టాడు.

"మీ ఇంట్ల అందరు మస్తు నిమ్మలంగ ఉంటరయ్యా."

ఆయన సందు మలుపు తిరిగేదాకా ఆగి అందరం పడీ పడీ నవ్వాం. చెప్పు పోలేదు కాబట్టి కుక్క కూడా పోవద్దని బాపు తీర్పు ఇచ్చాడు.

ఆ సాయంత్రం వాకిట్లో అన్నలు గోలీల కోసం కొట్టుకుంటున్నారు, అమ్మ వాళ్లను తిడుతోంది. నేను గోడకు ఆనుకుని నా తెలుగు వాచకం చదువుకుంటున్నాను. బాపు అన్నల దగ్గరికి పోలేదు. వాళ్లను దాటుకుని వచ్చి నా పక్కన నేల మీద కూర్చుని, మిషన్ ఆయిల్ వాసన వేసే చెయ్యి నా తల మీద పెట్టి, "ఏం సదువుతున్నవ్ బిడ్డా" అని అడిగాడు. అంతకుముందు ఆయన నా దగ్గరికి ఎన్నోసార్లు వచ్చాడు, కానీ ప్రతిసారీ నేను ఏడిస్తేనో, పడితేనో, ఎవరితోనో కొట్టుకుంటేనో. ఆ రోజు నేనేమీ చేయలేదు. ఊరికే కూర్చుని ఉన్నాను. పుస్తకం ఆయన వైపు జరిపి పాఠం పేరు చూపించాను.

బాపు పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో పది మంది చేరి గోలగోలగా ఉన్నప్పుడు నా కాళ్లు ఇప్పటికీ మూలన మాట్లాడకుండా కూర్చున్న మనిషి వైపే పోతాయి. వెళ్లి పక్కన కూర్చుని, ఏం చేస్తున్నావని అడుగుతాను.