రెండు టేపులకు ఒకటే పేరు

ఎనభైల నడుమ మాట. వరంగల్‌లో మా ఇంజనీరింగ్ కాలేజీకి ఉన్నది ఒకే పెద్ద కంప్యూటర్. సరిగ్గా నేను ప్రాజెక్టు ఇవ్వాల్సిన రోజు పొద్దున్నే దాని డిస్కు చెడిపోయింది. సాయంత్రం ఐదులోగా నా ప్రోగ్రాం అచ్చు తీసి ఇవ్వకపోతే ఏడాది పోతుంది.

కంప్యూటర్ గదిలో ఇద్దరు ఆపరేటర్లు. పెద్దన్న, చిన్నన్న అనేవాళ్ళం. డిస్కులో ఉన్నదంతా వారానికోసారి ఒక పెద్ద టేపు మీదికి ఎక్కించేవారు. ఆ తర్వాత మారినవి మాత్రం వేరే చిన్న టేపుల మీద. డిస్కు పోతే ముందు పెద్ద టేపు దింపి, దాని మీద చిన్నవి వరుసగా దింపాలి. వరుస తప్పిందా, కొత్తదాని మీద పాతది వచ్చి కూర్చుంటుంది. ఇక అంతే సంగతులు.

వరుస తెలిసేది టేపు మీది పేరును బట్టే. ఆ వారం మేడారం జాతర. ఇద్దరూ వేర్వేరు రోజుల్లో పోయి వచ్చారు. వచ్చిన రోజు సాయంత్రం ఎవరు ఎక్కించిన చిన్న టేపు మీద వాళ్ళు ఒకటే రాశారు: ‘జాతర తర్వాత’. తేదీ వేయడానికి ఏం రోగమో! చిన్నన్నేమో సెలవు పెట్టి ఏటూరునాగారంలో ఉన్నాడు. అక్కడికి ఫోను చేసే దారి లేదు.

"ఫికర్ జెయ్యకు చెల్లె. ముందుగాల వచ్చింది నేనే. నా టేపే ముందు వేస్త," అన్నాడు పెద్దన్న.

"జర ఆగన్నా!" అని అరిచాను. టేపులు దిగడానికే గంటలు పడతాయి. తప్పితే మళ్ళీ మొదలుపెట్టే వ్యవధి లేదు. గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఆ వారమంతా మనసులో తవ్వుకున్నాను. జాతరకు పోయొచ్చినవాళ్ళు బంగారం, అంటే అమ్మవార్ల మొక్కు బెల్లం, అందరికీ పంచుతారు. ఇద్దరూ వచ్చిన రోజే నాకు పెట్టారు.

"అన్నా, నువ్వు బంగారం పెట్టిన దినమే నా ప్రోగ్రాం సక్కగైంది. ఆ సంబురంల దాన్నే దోస్తులకు పంచిన. చిన్నన్న పెట్టింది అప్పటికే అయిపోయింది. ఆయన టేపే ముందుది!"

"నాకన్న నీకెక్కువ యాదికున్నదా?"

"పోతే నా ఏడాది పోతదన్నా, నీది గాదు!"

పెద్ద టేపు దింపాక, మూతి ముడుచుకొని చిన్నన్న టేపు ఎక్కించాడు. తర్వాత తనది. ఆ చక్రాలు తిరుగుతున్నంతసేపూ భయంతో నా ప్రాణం నా దగ్గర లేదు.

నాలుగు దాటాక ప్రోగ్రాం తెర మీదికి వచ్చింది. బంగారం పంచిన రోజు నేను దిద్దిన లైను అందులో ఉంది. అక్కడే నిలబడి బావురుమన్నాను. పెద్దన్న అచ్చయిన కాగితాలు చింపి చేతికిచ్చాడు.

"నా మాట ఇనుంటె నీ ఏడాది మునుగుతుండె చెల్లె," అన్నాడు. "ఉరుకు, ఐదైతాంది."