తొప్పూరు వాలు మీద 285714

తమిళనాడులోని తొప్పూరు కనుమలో లారీ బోల్తా పడిన రోజు, నడుపుతున్న తండ్రి పోయాడు. క్లీనరుగా ఉన్న కొడుకు మాదేశన్ బతికాడు. అద్దాలన్నీ పగిలాయి గానీ మీటరు పగల్లేదు. 142857 కిలోమీటర్ల దగ్గర ఆగి, రెప్ప వేయడం మరిచిన కన్నులా అతణ్ణే చూస్తూ ఉండిపోయింది.

తరవాత ఇరవై ఏళ్ళు తానూ లారీ నడిపాడు. ఆ సంఖ్యను ఎవరి ముందూ పలకలేదు. 2006 వేసవిలో ఒకనాడు, చెట్టికరైలో ఇంజనీరింగ్ చదివే కూతురు శివరంజనికి చెప్పాడు. ఆమె సెల్‌ఫోనులో లెక్క వేసింది.

"తమాషా చూడు నాయినా. రెండింతలు చేస్తే 285714. మూడింతలు 428571. అవే అంకెలు, వరస తప్పకుండా గిర్రున తిరిగి కూర్చుంటాయి. ఆరింతల దాకా ఇంతే. ఏడింతలైతే అన్నీ తొమ్మిదులే."

మాదేశన్ లేచి పోయి తన లారీ మీటరు చూశాడు. అది అప్పటికే రెండు లక్షల ఎనభై అయిదు వేలు దాటింది.

వారం తరవాత టమాటా లోడుతో సేలం బయలుదేరాడు. సేలంలో పరీక్ష ఉందని శివరంజని పక్కన ఎక్కింది. ధర్మపురి దాటేసరికి మీటరు 285702. అతని చెయ్యి మీటరు వెనక్కి పోయి కేబులు ఊడబీకింది. అంకెలు ఆగాయి.

"కేబులు పీకినావు, అంకె నిలిచింది. బండి నిలిచిందా? ఇప్పుడది ఏ మలుపులో వస్తుందో నీకే తెలీదు," అంది శివరంజని.

ఆ మాటతో ప్రతి మలుపూ అతని కోసమే కాచుకున్నట్టు కనిపించింది. కొంతదూరం పోయాక భరించలేక బండి ఆపి, కేబులు మళ్ళీ తగిలించాడు. అప్పుడు తోచింది. వాలుకు ఇంక పదకొండు పన్నెండు కిలోమీటర్లే ఉంది. ఊరికే ఉండుంటే ఆ సంఖ్య చదును రోడ్డు మీదే వచ్చి పోయేది. తన చేతులతో తానే దాన్ని వాలు మీదికి తోలుకొచ్చాడు.

కనుమ తల దగ్గర మునియప్పన్ స్వామికి కర్పూరం వెలిగించాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు.

"నువ్వు దిగి బస్సెక్కు పాపా."

"నువ్వో?"

"లోడు కుళ్ళిపోతుంది."

"అట్లయితే నన్నూ ఒక టమాటా బుట్ట అనుకో. పోనీ."

వాలు మొదలైంది. 285713. అలవాటుగా అతని ఎడమ చెయ్యి గేరును న్యూట్రల్‌కు తోయబోయింది. డీజిలు మిగలాలని బండిని వాలుకు వదిలెయ్యడం ఆ దారి డ్రైవర్లందరి విద్య. అతనికి తండ్రి నేర్పిందే. ఆ రోజూ తండ్రి ఇలాగే, ఈల వేసుకుంటూ, తేలిగ్గా తోశాడు. ఆపైన బ్రేకులకు బండి ఆగలేదు.

చెయ్యి గేరు మీదే గడ్డకట్టింది. రెండో గేరులో ఇంజను మూలుగుతూ దిగింది. వెనక బళ్ళు హారన్లతో తిట్టాయి. మీటరులో చివరి మూడు మెల్లగా పైకి జారి నాలుగు వచ్చింది. కిలోమీటరు పొడుగునా ఆ సంఖ్య అతణ్ణి చూసింది. అతను రోడ్డును చూశాడు.

285715.

"పోయింది నాయినా. మళ్ళీ 428571కే. ఇంక బండి వదులు, వెనకోళ్ళు తిడతా ఉండారు."

మాదేశన్ గేరు మీంచి చెయ్యి తీయలేదు.

"మీ తాత ఆ దినం న్యూట్రల్‌లో దిగినాడు పాపా," అన్నాడు.

వాలు ఇంకా చాలా మిగిలి ఉంది.