ఎండాకాలంలో పచ్చని చోటు

ఇవాళ పొద్దున కరకట్ట మీద గడ్డి కోసే మిషన్ తిరుగుతోంది. తెగిన గరిక వాసన కిటికీలోంచి వచ్చి పోపు వాసనను కూడా కప్పేసింది. ఆ వాసన తగిలితే నాకు మల్లక్క గుర్తుకొస్తుంది. మా వాడకూ గోదావరికీ మధ్య అడ్డం ఆ మట్టికట్ట ఒక్కటే. దాని మీద చెట్టూ పొదా పెరగకుండా చూసే ఆడకూలీల జట్టుకు మల్లక్క మేస్త్రి. కోడలిగా వచ్చిన కొత్తలోనే నేనూ ఆ జట్టులో చేరాను.

మొదటిరోజు నేను గరికను వేళ్లతో సహా పీకుతుంటే ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. "జర ఈపు గోకినట్టు కొయ్యవే. తోలు ఊడబీకుతవా?" అన్నది. ఆమె లెక్కన కట్ట ఒక బర్రె, గరిక దాని తోలు. సర్కారు తుమ్మ మొలిస్తే మాత్రం వేలెడు ఉన్నప్పుడే వేరుతో తీయాలట. చెట్టయ్యాక నరికితే మోడు కింద వేళ్లు కుళ్లి నీళ్లకు దారి చేసిపెడతాయట.

ఒక ఏడు, కింద ఆనకట్టలో నీళ్లు నిలిపినందుకు ఎండాకాలంలోనూ ఏరు నిండుగా ఉంది. కట్టకు ఇవతల గరికంతా ఎండి చాప రంగుకు తిరిగింది. మా ఇంటి వెనక, కట్ట అడుగున మాత్రం కొంత మేర పచ్చగా నిగనిగలాడేది. నాకెంత మురిపెమో! మేకపిల్లలను అక్కడే కట్టేసి, గంగమ్మ మా ఇంటిని చల్లగా చూస్తున్నదని వాడంతా చెప్పుకున్నాను. మల్లక్క చూడటానికి వచ్చింది. మెచ్చుకుంటుందనుకున్నాను.

"రాజవ్వా, దీనికి నీళ్లు పోస్తున్నవా?"

"నాకేం పని లేదా అక్కా? దానంతటదే పెరుగుతున్నది."

"పోయకుంటే గింత ఎండల ఎక్కడి నీళ్లు తాగుతున్నదే ఇది?"

ఏటి నీళ్లే కట్టలోంచి ఊరి వస్తున్నాయని అప్పుడర్థమైంది. ఇంట్లో నెలల పిల్లాడు. ఆమె అప్పుడే పోయి కట్ట పని చూసే ఇంజనీరు సార్లను పిలుచుకొచ్చింది. వాళ్లూ ఆలస్యం చేయలేదు. ఏట్లో నీళ్లు తగ్గించి ఆ పచ్చని చోటుకు పైన తవ్విస్తే, ఎవరో ఎప్పుడో నరికి వదిలేసిన తుమ్మ మోడు బయటపడింది. వేరు కుళ్లిన బొక్కలో నా చెయ్యి భుజం దాకా దూరింది. మోడును వేళ్లతో సహా పెకిలించి, బంకమట్టి పొరలు పొరలుగా పోసి దిమ్మిసలతో కొట్టాం. ప్రతి పొరనూ మల్లక్క మడమతో తొక్కి చూసేది. మడమ దిగితే, మీ మొగోళ్లను తలుసుకొని కొట్టుండ్రి అని నవ్వించి, మళ్లీ కొట్టించేది.

ఆ వానకాలం గోదారి కట్ట అంచు దాకా వచ్చింది. వాడలో సగం మంది మూటలు కట్టుకుని పోయారు. నేను పిల్లాణ్ణి చంకనేసుకుని గడపలో నిలబడ్డాను. మల్లక్క వచ్చి, మేం పూడ్చిన చోటుకు దిగువన కూర్చుని, గరికను పక్కకు జరిపి అరచెయ్యి మట్టికి ఆనించింది. చాలాసేపు అట్లాగే ఉంది.

"ఊట లేదు. పొయ్యి ముట్టియ్యిపో" అన్నది.

అన్నం ఉడుకుతుంటే గోదారి మా ఇంటి కప్పు కన్నా ఎత్తున పారుతున్నది. నడుమ గరిక కప్పుకున్న మట్టి. దాన్ని కొట్టింది మేమేనంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

మల్లక్క పోయి చాలా ఏళ్లయింది. ఏరు పెరిగినప్పుడల్లా ఇప్పుడు నేనే పోయి అక్కడ కూర్చుంటాను. ఇంట్లోంచి కోడలు అడుగుతుంది, "అత్తా, పొయ్యి ముట్టియ్యాల్నా?" అని. చెయ్యి మట్టి మీదనే ఉంచి, జర ఆగమంటాను.